హెచ్‌డీ డీవీడీ అనే బ్రహ్మపదార్థం

జపాన్‌లో తోషిబా కంపెనీ చేయలేని పని మా ఓబులదేవరచెరువు (ఓడీ చెరువు)లో పెళ్లి వీడియోలవాళ్లు చేసి చూపించారు. హెచ్‌డీ డీవీడీ అనే డిస్కును నిలబెట్టడానికి తోషిబా నానా తంటాలు పడి, బ్లూరే ముందు నిలవలేక 2008 ఫిబ్రవరిలో చేతులెత్తేసింది. ఓడీ చెరువులో దానికి చావే లేదు. మామూలు ఖాళీ డీవీడీ మీద స్కెచ్ పెన్నుతో ‘ఫుల్ హెచ్‌డీ’ అని రాస్తే చాలు, పుట్టేస్తుంది. ఈమధ్య అదే పెన్ను ఇంకాస్త బరితెగించి ‘4కె’ అని కూడా రాస్తోంది.

ప్లేయర్‌లో పెట్టి టీవీలో చూసుకునే డీవీడీకి ఓ కట్టుబాటు ఉంది. మన దేశపు లెక్కలో బొమ్మ 720 అడ్డం, 576 నిలువు. అంటే 4,14,720 చుక్కలు. ఫుల్ హెచ్‌డీకి కావలసినవి 20 లక్షల పైచిలుకు, 4కెకి 82 లక్షల పైచిలుకు. 4కె అన్న చోట ఇరవైలో ఒక పాలు ఇచ్చి తక్కిన పందొమ్మిది పాళ్లూ పెన్నుతో రాసిస్తున్నారన్నమాట. (హెచ్‌డీ ఫైలును ఉన్నదున్నట్టు డిస్కులో దాచి కంప్యూటర్‌లో చూసుకోవడం వేరే సంగతి. ఆ మాట చెప్పే స్టూడియో ఉంటే దానికో దండం.)

పాత క్యాసెట్ల కథ ఇంకా ముచ్చటైనది. బీరువాలో బూజు పట్టిన వీహెచ్‌ఎస్ టేపు తెచ్చి ‘దీన్ని హెచ్‌డీ చేయండన్నా’ అంటే, ‘చేసేద్దాం సార్’ అని వెంటనే జవాబు. ఆ టేపులో అడ్డంగా లెక్కేస్తే విడివిడిగా కనబడేవి సుమారు 240 గీతలే. అవ్వ ముక్కుపుడక అందులో తెల్లటి మరక. సాగదీశాక ఏమవుతుంది? పెద్ద తెల్లటి మరక అవుతుంది. రేటు కూడా పెద్దదే.

అసలు తమాషా సెట్టింగుల దగ్గర. అన్నిటికీ ‘హై’ నొక్కడమే మనవాళ్లకు తెలిసిన విద్య. డీవీడీలో బొమ్మకు పైహద్దు సెకనుకు 9.8 మెగాబిట్లు. ఆ లెక్కన 4.7 జీబీల డిస్కులో గంటకు మించి పట్టదు. మన పెళ్లేమో పెళ్లికూతుర్ని చేయడంతో మొదలై అప్పగింతల ఏడుపుల దాకా ఎంత కత్తిరించినా నాలుగు గంటలు. పెళ్లికూతురి నాయన ‘అంతా ఒకే డిస్కులో పట్టించప్పా, రెండో దానికి నేను దుడ్లియ్యను’ అంటాడు. అందుకని ‘హై’తో పాటు ‘డిస్కుకు సరిపెట్టు’ అన్న చోట కూడా టిక్కు పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఈ రెండో మాటే వింటుంది. సెకనుకు మొత్తం 2.6 మెగాబిట్లే మిగులుతాయి. శబ్దానికీ ‘హై’ నొక్కి, కుదించని పీసీఎం పెట్టారు కాబట్టి అందులో ఒకటిన్నర అదే మింగేస్తుంది. జనరేటర్ రొద ఆకాశవాణి రికార్డింగంత స్వచ్ఛంగా వినిపిస్తుంది. బొమ్మకు దక్కేది 1.1. పాత వీసీడీయే నయం, నాలుగో వంతు బొమ్మకు 1.15 ఇచ్చేది!

దీని ఫలితం చూడాలంటే తలంబ్రాల ఘట్టం పెట్టండి. డీవీడీ వాడే ఎంపెగ్-2 పద్ధతి బొమ్మను 16 చుక్కల గళ్లుగా కోసి, ముందు బొమ్మకూ ఈ బొమ్మకూ తేడా ఏమిటో దాన్నే ఎక్కువగా రాసుకుంటుంది. పంతులు కదలకుండా కూర్చుని మంత్రం చదివినంతసేపూ హాయి. తలంబ్రాలు మొదలవగానే గింజ గింజకూ ఒక దారి, పైన ఫ్లాష్ మెరుపులు, కింద జరీ తళుకులు. రాసుకోవడానికి చోటు చాలక గళ్లు గళ్లుగానే మిగిలిపోతాయి. ధర్మవరం మగ్గం మీద నేసిన పట్టుచీర మీద లేని గళ్లన్నీ ఎంపెగ్-2 వేసి పెడుతుంది. పెళ్లికూతురి మొహం మీద కూడా.

ఇక మెరవణి. డీవీ టేపులో ప్రతి బొమ్మా గీత విడిచి గీత చొప్పున రెండు సగాలుగా ఉంటుంది, కింది సగం ముందు. సెట్టింగులో పై సగం ముందని పెట్టారో, గుర్రం మీది పెళ్లికొడుకు రెండడుగులు ముందుకూ ఒకడుగు వెనక్కూ ఊగుతూ పోతాడు. పెళ్లి ఇష్టం లేదేమో అని చుట్టాలు గుసగుసలు పోతారు. అడిగితే ‘అది మీ టీవీ ప్రాబ్లం సార్’.

గళ్ల జబ్బుకు మందు ఇంతే: రెండు గంటలకొక డిస్కు, బొమ్మకు సెకనుకు 5 మెగాబిట్ల లోపు, శబ్దానికి డాల్బీలో 192 కిలోబిట్లు, వీడియోను రెండుసార్లు చదివి చోటు పంచే టూ-పాస్. మంత్రతంత్రాలేమీ లేవు. కాకపోతే టూ-పాస్‌కు కంప్యూటర్ దాదాపు రెట్టింపు సేపు నడవాలి, ముహూర్తాల సీజన్‌లో ఆ ఓపిక ఎవరికుంది? డిస్కు పైన వధూవరుల ఫోటో, గులాబీలు, పావురాలు అచ్చేయడానికి మాత్రం పూటంతా ఉంటుంది.

నిజంగా హెచ్‌డీ కావాలనుకునేవాళ్లు కెమెరాలోని అసలు ఫైళ్లు హార్డ్‌డిస్కులో అడిగి తీసుకోండి. బాకీ డబ్బులు చేతికిచ్చేలోపే అడగండి. ఇచ్చాక అడిగితే వచ్చే జవాబు కదిరి నుంచి గోరంట్ల దాకా ఒకటే: ‘ఫుల్ అయిపోయిందని డిలీట్ చేసినాం సార్, డీవీడీలో ఉంది కదా, 4కె!’