ఒకటి పడితే కత్తి జారాలనే రూల్‌కు బహిరంగ లేఖ

ఫంబుల్ రూల్‌కు,

కొత్త క్యాంపెయిన్ మొదలయ్యే రోజున, అందరూ క్యారెక్టర్ షీట్లు నింపుకుంటున్నప్పుడు, ఆట నడిపే డంజన్ మాస్టర్ (డీఎం) మాటల మధ్యలో నీ సంగతి చెప్పేస్తాడు. "మన టేబుల్‌లో ఒక హౌస్ రూల్ ఉంది. డీ20 మీద ఒకటి పడితే కత్తి చేజారుతుంది, లేదా పక్కనున్న మనవాడికే తగులుతుంది. రియలిస్టిక్‌గా ఉంటుంది." అందరూ తలూపుతారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది మరి. డై అందరికీ ఒకటే, ఒకటి ఎవరికైనా పడొచ్చు. అలా లోపలికొచ్చిన నువ్వు ఇక నెలల తరబడి కదలవు. నిన్ను వెళ్లిపొమ్మని అడగడానికే ఈ ఉత్తరం. నిన్ను వెనకేసుకొచ్చే డీఎంలలో చాలామంది మంచివాళ్లే, ఆట మీద ప్రేమ ఉన్నవాళ్లే. వాళ్ల కంట కూడా పడాలని అందరి ముందూ రాస్తున్నాను.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడనివాళ్ల కోసం రెండు మాటలు. ఆయుధంతో కొట్టిన ప్రతిసారీ ఇరవై ముఖాల డై (డీ20) వేస్తాం. పడిన అంకెకు మన బలమో, చురుకుతనమో, సాధనో కలుపుతాం. మొత్తం శత్రువు రక్షణ అంకెను, అంటే ఆర్మర్ క్లాస్‌ను అందుకుంటే దెబ్బ తగిలినట్టు. డై మీద ఒకటి పడితే మాత్రం, కలిపేది ఎంతున్నా, ఆ దెబ్బ తప్పినట్టే. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ చెప్పేది అంతవరకే. కత్తి జారడం, వింటినారి తెగడం, స్నేహితుడి భుజం కోసేయడం, ఇవన్నీ నీతో వచ్చినవి.

నువ్వు ఎవరి పొట్ట కొడతావో ఐదో లెవెల్‌లో బాగా తెలుస్తుంది. ఫైటర్‌కి అప్పుడే ఎక్స్‌ట్రా అటాక్ వస్తుంది, అంటే ఒక టర్న్‌లో రెండు దెబ్బలు. విజర్డ్‌కి ఫైర్‌బాల్ వచ్చేదీ అప్పుడే. మా టేబుల్‌లో మొదటిసారి ఆడుతున్న ఒకమ్మాయి ఫైటర్‌ని తీసుకుంది. లెవెల్ పెరిగిన రోజు షీట్ మీద ఒకటి చెరిపేసి రెండు అని పెన్సిల్‌తో దిద్దుకుంది. వంతెన మీద ఓగర్‌తో పోరు. రెండు డైలూ ఒకేసారి విసిరింది. ఒకదాని మీద పదిహేడు, రెండోదాని మీద ఒకటి. మొదటి దెబ్బ తగిలింది, రెండో దెబ్బకు కత్తి వంతెన కింది ఏట్లో పడింది. తరువాత విజర్డ్ టర్న్. అతను ఎనిమిది ఆరుముఖాల డైలు దోసిట్లో పోసుకుని గలగలలాడించి వేశాడు. తప్పించుకోవడానికి డీ20 వేయాల్సింది శత్రువులే. అతను డీ20 ముట్టుకోనే లేదు, నువ్వు అతన్ని ముట్టుకోనే లేదు. పై ఆట నుంచి ఆ అమ్మాయి ప్రతి టర్న్‌లోనూ అడిగేది: "ఒక్క దెబ్బే వేస్తే పర్లేదా?" ఆరితేరినందుకు వచ్చిన బహుమతిని ఆమె వాడుకోవడం మానేసింది.

లెక్క చెబుతాను విను. ఒక్క దెబ్బ వేసేవాడికి ఆ టర్న్‌లో నీ బారిన పడే అవకాశం నూటికి 5. రెండు దెబ్బలైతే దాదాపు 10. పదకొండో లెవెల్‌లో మూడు దెబ్బలు, 14 దాటుతుంది. ఇరవయ్యో లెవెల్ ఫైటర్, ఆ లోకంలో అతన్ని మించిన కత్తి వీరుడు ఉండడు, నాలుగు దెబ్బలు వేస్తాడు. అతనికి 18 దాటిపోతుంది. నాలుగు రౌండ్ల పోరులో అతని కత్తి ఒక్కసారైనా జారే అవకాశం నూటికి 56. అదే పోరులో నిన్న కత్తి పట్టిన కుర్రాడికి 18 చిల్లరే. విద్య పెరిగేకొద్దీ చెయ్యి వణికే యోధుణ్ణి ఏ లోకంలో చూశావు?

నీ వాళ్లు ముందుగా ఎత్తేది రియలిజం మాటే కాబట్టి, దాని సంగతే చూద్దాం. ఐదో ఎడిషన్‌లో రౌండ్ అంటే ఆరు సెకన్లు. ఆ మహావీరుడు గడ్డిబొమ్మ ముందు నిలబడి ఒక్క నిమిషం సాధన చేస్తే నలభై దెబ్బలు. సగటున రెండుసార్లు కత్తి వదిలేయాలి. ఇక యుద్ధభూమిలో వెయ్యిమంది సైనికులు తలా ఒక దెబ్బ వేస్తే, ప్రతి ఆరు సెకన్లకూ సగటున యాభైమంది ఆయుధాలు నేల మీద ఉండాలి. అలాంటి సైన్యాన్ని ఏ రాజూ కోట కాపలాకు కూడా పెట్టుకోడు.

ఒకసారి నీ తరఫున వాదిస్తూ ఒకాయన, "కర్ణుడి రథచక్రం దిగబడలేదా?" అన్నాడు. దిగబడింది. దాని వెనక బ్రాహ్మణుడి ఆవును చంపిన పాపం ఉంది, అతనిచ్చిన శాపం ఉంది. అస్త్రం గుర్తుకు రాకపోవడం వెనక పరశురాముడి దగ్గర చెప్పిన అబద్ధం ఉంది. కథ అంతా ఆ ఘడియ వైపే నడిచింది కాబట్టే మనకు గుండె పట్టేస్తుంది. నువ్వు తెచ్చే ఓటమికి వెనకా ముందూ ఏదీ ఉండదు. వర్షం పడుతోందా, నేల జారుతోందా, చేతికి గాయమైందా? అయితే డీఎంను డిస్‌అడ్వాంటేజ్ పెట్టమను. రెండు డైలు వేసి తక్కువది తీసుకుంటాం. కారణం ఉన్న కష్టాన్ని ఏ ఆటగాడూ కాదనడు.

పొరపాట్లన్నీ ఆట నుంచి పోవాలని నేను అనడం లేదు. 1978లో స్టీవ్ పెరిన్, అతని మిత్రులు రూన్‌క్వెస్ట్ అనే ఆట తెచ్చారు. పెరిన్ మధ్యయుగపు పోరాటాలను సాధన చేసే బృందంలో స్వయంగా ఆయుధం పట్టినవాడు. ఆ ఆటలోనూ ఫంబుల్ ఉంది, కానీ అది నైపుణ్యాన్ని బట్టి తగ్గుతుంది. ఆయుధం పట్టడం చేతకానివాడికి నూటికి అయిదు దాకా, ఆరితేరినవాడికి నూటికి ఒకటి. కాల్ ఆఫ్ కథుల్హు ఏడో ఎడిషన్‌లోనూ అంతే, నైపుణ్యం యాభై, ఆపైన ఉంటే వంద పడినప్పుడే ఫంబుల్. అలా వస్తానంటే నీకూ కుర్చీ వేస్తాను.

"రాక్షసులకూ ఇదే రూల్ కదా, ఇంకేం అన్యాయం?" అంటావు. గాబ్లిన్ ఆయుష్షు మూడు రౌండ్లు. దాని కత్తి పోతే దానికేం పోయింది, ఎలాగూ చచ్చేదే. ఆటగాడి క్యారెక్టర్ ఏడాది పొడవునా బతకాలి, వందల దెబ్బలు వేయాలి. రెండు వైపులా ఒకే రూల్ పెట్టినా నష్టం మాత్రం ఎక్కువ కాలం ఆడేవాడి ఖాతాలోనే పోగవుతుంది. ఇరవై పడితే దెబ్బ రెట్టింపయ్యే క్రిటికల్ హిట్ల విషయంలో, ఈ ఆట రూపకర్తల్లో ఒకడైన గ్యారీ గైగాక్స్ 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లోనే ఈ మాట పట్టుకున్నాడు: రెండు వైపులా పెడితే ఆటగాళ్ల ప్రాణాలే ముందు పోతాయని.

నవ్వు వస్తుందన్నది నీ ఆఖరి ఆధారం. మొదటిసారి వస్తుంది, నిజమే. అయిదోసారి అందరూ నవ్వుతుంటే ఆ ఫైటర్ మొహం చూడు. మూడు నెలలుగా తన వీరుడికి పేరు, ఊరు, పగ, అమ్మ ఇచ్చిన ఉంగరం అన్నీ అల్లుకున్న మనిషి, ప్రతి ఆదివారం టేబుల్ దగ్గర విదూషకుడిగా మిగిలిపోతుంది. పక్కన విజర్డ్ మాత్రం ఎప్పుడూ గంభీరంగానే ఉంటాడు.

డీఎంలు నిన్ను వదులుకోలేకపోతే కనీసం మూడు షరతులు పెట్టమని వేడుకుంటున్నాను. టర్న్‌లో మొదటి దెబ్బకే నువ్వు వర్తించాలి. ఒకటి పడ్డాక ఇంకో డై వేయనివ్వాలి, లెవెల్ పెరిగేకొద్దీ దాన్ని గట్టెక్కడం తేలిక కావాలి. మంత్రం వేసేవాడికీ నీలాంటి గండమే ఒకటి ఉండాలి. ఈ మూడింటికీ ఒప్పుకోకపోతే నీకు ఆ టేబుల్‌లో చోటు లేదు. ఒకటి పడ్డప్పుడు దెబ్బ తప్పిందనుకుంటాం, మా ఫైటర్ అమ్మాయి రెండో డై వేస్తుంది.

ఇట్లు,
కత్తి పట్టినవాళ్ల పక్షాన ఒక ఆటగాడు