చూడల్యా గానీ (టీకా తాత్పర్య సహితము)

శ్రీరస్తు. అవిఘ్నమస్తు.

మూలము:
నేనైతే చూడల్యా గానీ, ఏం బాగల్యాదంట.

అవతారిక: గోస్పాడులో బస్సు ఆగే చోట టీకొట్టు ముందర నిలబడి, గ్లాసు అంచును బొటనవేలితో తుడుస్తూ ఒక పెద్దమనిషి పలికిన వాక్యమిది. అంతకు ముందు పక్కనున్న పిల్లోడు "ఏమన్నా, ఆ కొత్త సినిమా ఎట్లుందంట?" అని అడిగినాడు. ఎట్లుంది అని కాదు, ఎట్లుందంట అని. సాక్షి అక్కరలేదని ప్రశ్నలోనే ఒప్పుకున్నాక జవాబును తప్పుపట్టడం ధర్మం కాదు.

ఇంత చిన్న వాక్యానికి టీక దేనికంటారా? కడపలో బ్రౌను దొర పండితులకు జీతాలిచ్చి మనుచరిత్రకు, వసుచరిత్రకు టీకలు రాయించినాడు. జూలూరి అప్పయ్య వంటివాళ్లు ఆ పనిలో కళ్లు కాయలు కాచేదాకా కూర్చున్నారు. తర్వాత వావిళ్లవారు పుస్తకం వెనక పుస్తకం టీకతో అచ్చేసి ఇంటింటికీ పంపినారు. కావ్యాలకు ఇంత సేవ జరిగింది గానీ, కావ్యాలను చదవకుండానే వాటి మంచిచెడ్డలు తేల్చే ఈ వాక్యాన్ని మాత్రం ఏ పండితుడూ పట్టించుకోలేదు. కావ్యాల కన్నా దీన్నే ఎక్కువమంది వాడతారు. మూలంలో లేనిదేదీ రాయనని మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేసినాడు. ఆ ప్రతిజ్ఞ నేను చేయలేను. ఈ మూలంలో ఉన్నది బహు తక్కువ.

టీక: నేను + ఐతే = తక్కినవారి సంగతి నాకుఁ దెలియదు, నా మటుకు నేను; చూడల్యా = చూచి యుండలేదు (తీరికయుఁ బైకమును గలిగి యుండియు నని భావము); గానీ = ఐనప్పటికిని; ఏం = రవంతయు; బాగల్యాదు + అంట = బాగుగా లేదని వినికిడి.

విశేషాంశములు: "ఐతే" వినయసూచకం. మాట్లాడేవాడు మొదటే తన అర్హతను తానే తీసి పక్కన పెట్టుకుంటున్నాడు. "గానీ" ఈ వాక్యానికి నడుము. దానికి ఇవతల అజ్ఞానం, అవతల తీర్పు. కోర్టులో సాక్ష్యం విని తీర్పు చెప్తారు. ఇక్కడ సాక్ష్యం లేదని ఒప్పుకున్నాకే తీర్పు మొదలవుతుంది. "అంట" దగ్గర పెద్ద చిక్కుంది. అన్నవాడెవడు? కర్త లేడు. అల్లుడు ఫోన్లో అన్నాడా, బస్సు కండక్టరు అన్నాడా, వాట్సాప్‌లో ఎవరో పెట్టినారా, తెలియదు. వేదం అపౌరుషేయమనీ, చెప్పినవాడే లేడు గనక చెప్పినవాడి దోషాలు దానికి అంటవనీ మీమాంసకులు అంటారు. "అంట"కు కూడా ఇదే బలం. చెప్పినవాడు దొరికితే కదా "నీకేం తెలుసు" అని అడిగేది.

పాఠాంతరములు: ఆళ్లగడ్డ ప్రతిలో "అంట" లేదు, "బాగల్యాదు" అనే ఉంది. ఆ ఊరివాళ్లకు సందేహాలు తక్కువ. నంద్యాల కాలేజీ పిల్లల ప్రతిలో "ట్రైలర్ చూసినా గానీ" అని పాఠం. టీవీ చర్చలకు వచ్చే పెద్దల ప్రతిలో "నేను ఆ రిపోర్టు పూర్తిగా చదవలేదు కానీ" అని కనిపిస్తుంది. ఇందులో "పూర్తిగా" అనే పదం ప్రక్షిప్తమని పండితుల నిర్ణయం. ఇళ్లల్లో బీరువా నిండా పుస్తకాలున్నవాళ్లు "ఆ పుస్తకం నా దగ్గరుంది గానీ" అంటారు. నా మటుకు నాకు ఇదే రసవత్తరమైన పాఠం.

ప్రమాణ విచారము: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నైయాయికులు నాలుగు ప్రమాణాలు చెప్పినారు. మన వాక్యంలో ప్రత్యక్షం లేదని మొదటి మాటలోనే తేలింది. శబ్దం ఉంది, చెప్పినవాడు లేడు. కుమారిలభట్టు శిష్యులు అనుపలబ్ధిని కూడా ప్రమాణంగా ఒప్పుకున్నారు, అంటే కనబడకపోవడమూ ఒక రకం జ్ఞానమే. నేల మీద కుండ కనబడలేదంటే అక్కడ కుండ లేదని తెలిసిందన్నమాట. టీకొట్టు దగ్గర ఈ సిద్ధాంతం ఇంకొక అడుగు ముందుకు వేసింది. నేను చూడలేదు, బాగుంటే ఈపాటికి చూసి ఉండేవాణ్ని, కాబట్టి బాగలేదు. కుమారిలభట్టు శిష్యులకు కూడా ఇంత దూరం తట్టలేదు.

ఇది మనకే ఉన్న రోగమని ఎవరన్నా అంటే ఒప్పుకోను. పియేర్ బయార్ అనే ఫ్రెంచి ప్రొఫెసరు, చదవని పుస్తకాల గురించి మాట్లాడడం ఎట్లా అని 2007లో ఏకంగా పుస్తకమే రాసినాడు. తాను ప్రస్తావించిన పుస్తకాల పక్కన గుర్తులు పెట్టినాడు: అసలు తెలియనిది, పైపైన తిరగేసింది, ఎవరో చెప్పగా విన్నది, చదివి మర్చిపోయింది. చదివింది, గుర్తుంది అనే గుర్తు ఆ జాబితాలోనే లేదు. ఈ పుస్తకం నేను చదివినా. చదివినానంటే ఎవరూ నమ్మని పుస్తకం లోకంలో ఇదొక్కటే అనుకుంటా.

తెలుగులో ఈ వాక్యం దెబ్బ బాగా తిన్నవాడు చలం. ఆయన నవల మైదానం 1927 నాటిది. తొంభై ఏళ్లు దాటినా "చదవల్యా గానీ, ఆడపిల్లలు చదవగూడదంట" అనే పాఠం పెళ్లిచూపుల ఇళ్లల్లో ఇంకా నలుగుతూనే ఉంది. అంత మాట అనేవాళ్లు ఒక రాత్రి కూర్చుంటే అయిపోయే పుస్తకం అది.

అయితే ఈ వాక్యం ఎప్పుడూ నిందకే పోతుందని అనుకోకూడదు. స్తుతిపాఠం కూడా ఉంది: "చదవల్యా గానీ, శానా గొప్పదంట." దీనికి ఉదాహరణ మా నంద్యాలలోనే ఉంది. పదహారో శతాబ్దిలో పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చినాడు. ఆ సంగతి నంద్యాలలో సభ పెడితే వినకుండా ఇంటికి రాలేం. 1991లో ప్రధాని హోదాలో పీవీ నరసింహారావు మా దగ్గర ఉపఎన్నికకు నిలబడితే అయిదు లక్షల పైచిలుకు మెజారిటీ ఇచ్చి పంపినాం. ఆయన సంగతీ అంతే. చూడల్యా గానీ, శానా భాషలొచ్చంట.

కళాపూర్ణోదయం నేను ఈ మధ్యనే కూర్చుని చదివినా. అందులో కళాభాషిణి రంభ రూపంలోను, మణికంధరుడు నలకూబరుడి రూపంలోను తిరుగుతుంటారు. అంతలో అసలు రంభ వచ్చి మాయరంభకు ఎదురుపడుతుంది. నేనే రంభనంటే నేనే రంభనని ఇద్దరూ తగాదా పడతారు. ఆ ఘట్టం చదువుతుండగానే ఫోన్లో ఒక వీడియో వచ్చింది. ఒక నాయకుడు ఎన్నడూ అనని మాట అంటున్నాడు. పెదవులు సరిగ్గానే కదులుతున్నాయి, చెవి దగ్గర మాత్రం చర్మం నీళ్ల మీది నీడ లెక్క వణుకుతోంది. దాని కింద మా ఊరి వాట్సాప్ గుంపులోనే ఇద్దరు కొట్లాడుకుంటున్నారు, ఒరిజినల్ అని ఒకరు, ఏఐ అని ఒకరు. ఆ వీడియో ఇద్దరూ చివరి దాకా చూడలేదని వాళ్ల మాటల్లోనే తెలుస్తోంది. సూరన కావ్యంలో మాయ చివరికి విడిపోతుంది, ఎవరు ఎవరో బయటపడుతుంది. గుంపులో మాత్రం అడ్మిన్ రెండు రోజులు మెసేజులు ఆపేసినాడు.

ద్వితీయార్థము: సూరనదే రాఘవపాండవీయం అనే కావ్యం ఇంకొకటుంది. అదే పద్యం ఒక రకంగా చదివితే రామాయణం, ఇంకో రకంగా చదివితే భారతం. మన మూలం కూడా అట్లాంటి ద్వ్యర్థి వాక్యమే. మొదటి అర్థంలో మాట్లాడేవాడు గోస్పాడు పెద్దమనిషి, చూడనిది సినిమా. రెండో అర్థంలో మాట్లాడేది సినిమా, చూడనిది గోస్పాడు. ఒక్క అక్షరం మార్చనక్కరలేదు.

1999లో సమరసింహారెడ్డి వచ్చింది. 2001లో నరసింహనాయుడు, 2002లో ఆది, ఇంద్ర. ఆ నాలుగేళ్లల్లో సీమకు ఒక రూపం తయారైంది: ఎర్రమట్టి, రాళ్లగుట్టలు, తెల్ల సుమోలు, లేచే దుమ్ము. గోస్పాడు నేల నల్లరేగడి. కేసీ కాలువ కింద వరిమళ్లు, ఆ పక్క కుందూ. వానాకాలం మా పొలాల్లోకి సుమో దింపి చూడండి. రేగడి చక్రాలకు అట్టలు అట్టలుగా అతుక్కుని, రెండు గజాలు పోకముందే బండి గుడి ముందర నంది మాదిరి కూర్చుంటుంది. కొడవలి పట్టుకుని దిగినవాడు చెప్పులు బురదలో వదిలేసి ట్రాక్టరు కోసం ఊర్లోకి నడవాల్సిందే. ఈ నేలలో వెంటాడి చంపే సీను తీయాలంటే దర్శకుడు ఎండాకాలం దాకా ఆగాల. ఎండాకాలం పర్రెల్లో కాలు ఇరుక్కుంటుంది.

ఫ్యాక్షన్ లేదని నేను అనడం లేదు. ఉండింది. మా చుట్టుపక్కల ఊర్లల్లో పోయిన ప్రాణాలు నిజమైన ప్రాణాలే, ఆ ఇండ్లల్లో మిగిలిన ఆడవాళ్ల బతుకు ఏ సినిమాలోనూ ఇంటర్వెల్ తర్వాత కనపడదు. నా తగువు వేరే. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మా పక్కవాడు. 1847లో ఆయన్ని కోయిలకుంట్లలో ఉరితీసినారు. 2019లో ఆయన కథతో సైరా సినిమా వచ్చింది, యుద్ధఘట్టాల కోసం కెమెరాలు జార్జియా దేశం పోయినాయి. కోయిలకుంట్లకు గోస్పాడు నుంచి బస్సుంది.

ఇందులో మన పాపమూ ఉంది. ఆ సినిమాలకు నంద్యాల హాళ్లల్లో ఈలలు వేసింది మనమే, తొడ కొడితే కాగితాలు చల్లింది మనమే. హైదరాబాదు హాస్టల్లో మనవాణ్ని "నంద్యాలనా? మీ దగ్గర బాంబులేసుకుంటారంట కదా" అని అడుగుతారు. వాడు పుట్టినప్పటి నుంచి దీపావళి టపాకాయలు తప్ప ఏమీ ఎరగడు. అయినా మీసం మీద చెయ్యేసి "నేనైతే చూడల్యా గానీ..." అని ఆపుతాడు. వాక్యం పూర్తి చేయడు. అవతలివాడు పూర్తి చేసుకుంటాడు.

ఇంకో సీమను రాసినవాళ్లు లేక కాదు. మధురాంతకం రాజారాం, కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ కరువూ అప్పూ సేద్యమూ కథలుగా రాసినారు. కేతుకు 1996లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. వీళ్ల దగ్గర మన మూలవాక్యం కుంటుపడుతుంది. "చదవల్యా" దాకా వస్తుంది, "గానీ" తర్వాత ఏమీ లేదు. బాగుందంట అనడానికో, బాగల్యాదంట అనడానికో, ఎవరో ఒకరు ముందు చదవాల కదా.

చూడకుండా పేరు పెట్టడం మా నేలకు కొత్త కాదు. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంపిణీకి రాసిచ్చినాడు, చూసి ఇచ్చినాడో చూడక ఇచ్చినాడో. అప్పటి నుంచి మేం దత్తమండలాలవాళ్లం, అంటే దానం కింద పోయినవాళ్లం. 1928లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు చిలుకూరి నారాయణరావు ఆ పేరు తీసేసి రాయలసీమ అని పెట్టించినాడు. ఆ సభ మా ఊరికి కూతవేటు దూరంలో జరిగిందని టీకొట్టులో చెప్తే "అవునా?" అన్నారు. ఎవరూ "అంట" అనలేదు. నాకు కొంచెం బాధయింది.

ఇక నీళ్ల సంగతి. పోలవరం నుంచి గోదావరి నీళ్లు 200 టీఎంసీలు బనకచెర్లకు తేవాలని, ఎనభై వేల కోట్ల పైన ఖర్చని 2025లో గొడవ లేచింది. తెలంగాణ ఒప్పుకోలేదు, జూన్ 30న కేంద్రం వేసిన నిపుణుల కమిటీ ఫైలు తిప్పి పంపింది. ఆ నెలలు టీవీల్లో బనకచెర్ల అనని నోరు లేదు. మాట్లాడేవాళ్లకు అదొక సంఖ్య. మా జిల్లాలో అదొక రెగ్యులేటరు. పోతిరెడ్డిపాడు నుంచి వచ్చిన శ్రీశైలం నీళ్లు అక్కడ మూడు పాయలవుతాయి, తెలుగుగంగకు ఒకటి, శ్రీశైలం కుడి బ్రాంచి కాలువకు ఒకటి, నడిమిది నిప్పులవాగులో పడి మా కుందూ వైపు దిగుతుంది. గేట్లు ఎత్తిన రోజు కుందూ వంతెన మీద నిలబడితే నీళ్ల రంగు చూసి ఎన్ని రోజులు వస్తాయో అంచనా కట్టే ముసలివాళ్లున్నారు. ఏ చానెలూ వాళ్లను పిలవలేదు. ఈ విషయంలో మాత్రం మన పెద్దమనిషి మూలవాక్యం వాడలేదని మనవి. గ్లాసు కింద పెట్టి "వచ్చినప్పుడు చూస్తాంలే" అన్నాడు.

తాత్పర్యము: చూచినవాఁడు పలుకఁడు, పలికినవాఁడు చూడఁడు. ఇది సినిమాకూ, పుస్తకానికీ, నీళ్లకూ సమానం.

శంక: చూసినవాడే వచ్చి మాట్లాడితే?

సమాధానము: వచ్చినాడు. ఎదురుగా ఎరువుల అంగట్లో పనిచేసే పిల్లోడు. అదే సినిమా నిన్న రాత్రి చూసినానన్నాడు. అందరూ అటు తిరిగినారు.

"యాడ చూసినావురా, నంద్యాలలోనా?"

"ఫోన్లోన్నా."

"మొత్తం చూసినావా?"

"ఫస్టాఫ్ చూసినా. పాటలు తోసేసినా. సెకండాఫ్ ఒకటిన్నర స్పీడులో పెట్టి చూసినా. నిద్ర పట్టింది, క్లైమాక్స్ పొద్దున రీల్స్‌లో వచ్చింది."

దీన్ని చూడటమనాల్నా చూడకపోవడమనాల్నా అనే విషయంలో టీకాకారుల్లో భేదాభిప్రాయాలున్నాయి. పెద్దమనిషి మాత్రం నోట్లో టీ ఉండగానే అడిగినాడు:

"ఎట్లుందంట మరి?"