ఫోర్ బై ఫోర్ కొన్నారా? ఈ సలహాలు మాత్రం పాటించకండి

ఆదివారం తెల్లవారకముందే విశాఖ ద్వారకా నగర్ లైన్లలోంచి థార్‌లు, జిమ్నీలు అరకు, లంబసింగి, వంజంగి దారి పడతాయి. స్టీరింగ్ దగ్గర కొత్తగా బండి కొన్న కుర్రాడు, పక్క సీట్లో బావో బాబాయో. దారి పొడవునా సలహాలే. చెప్పేది ప్రేమతోనే. కానీ వాటిలో కొన్ని బండిని పాడుచేస్తాయి, కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. ఎక్కువగా వినిపించేవాటిని ఇక్కడ రాస్తున్నాను, పాటించకూడదని చెప్పడానికే.

"ఫోర్ బై ఫోర్‌కి డబ్బులు పెట్టావు కదా, ఎప్పుడూ 4Hలోనే ఉంచు. గ్రిప్ బాగుంటుంది."

అన్నిటికంటే ఎక్కువ వినిపించేది, ఎక్కువ నష్టం చేసేది ఇదే. థార్, జిమ్నీ రెండూ పార్ట్‌టైమ్ ఫోర్ బై ఫోర్ బళ్లు. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. 4H (నాలుగు చక్రాల డ్రైవ్) వేయగానే రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే. కానీ మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాలకంటే ఎక్కువ దూరం పోతాయి. బురదలోనో ఇసుకలోనో అయితే టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు. ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడుతుంది. 4Hలో ఉంచి డైమండ్ పార్క్ దగ్గర నెమ్మదిగా యూటర్న్ తీసుకుంటే స్టీరింగ్ బిగుసుకున్నట్టు అవుతుంది, టైర్లు కీచుమంటాయి, ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు బండి ఎగిరెగిరి కదులుతుంది. ఇంజిన్‌లో లోపమేమీ లేదు, వెంటనే 2H (రెండు చక్రాల డ్రైవ్) లోకి మార్చండి.

ఇంకో మాట. ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఫోర్ బై ఫోర్ బండిని కదిలించడానికి పనికొస్తుంది గానీ ఆపడానికి కాదు. తడిరోడ్డు మీద దాన్ని నమ్ముకుని వేగం పెంచడం శుద్ధ తప్పు.

"దిగేటప్పుడు న్యూట్రల్ చెయ్యి, డీజిల్ మిగులుతుంది."

అనంతగిరి ఘాట్‌లో దిగేటప్పుడు ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కార్బురేటర్ల కాలంలో ఎలా ఉండేదో గానీ, ఇప్పటి ఇంజిన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంధనాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి డీజిల్ ఖర్చవుతుంది. అంటే మిగిలేది ఏమీ లేదు. పోయేది మాత్రం ఇంజిన్ బ్రేకింగ్. బరువంతా బ్రేకుల మీదే పడి, మలుపు మలుపుకీ అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. చక్రాల దగ్గర కాలిన వాసన, మెత్తగా లోపలికి దిగిపోయే పెడల్ – వీటిలో ఏది గమనించినా జాగ్రత్తగా పక్కన ఆపి చల్లారనివ్వాలి. ఘాట్‌లో లారీలు నడిపేవాళ్లు తరతరాలుగా పాటించే సూత్రం ఒకటుంది: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. థార్‌కైనా అదే వర్తిస్తుంది.

"650 మిల్లీమీటర్ల నీళ్లు తట్టుకుంటుందని కంపెనీయే చెప్పింది, వాగులోకి దింపు."

చెప్పింది నిజమే. థార్ నీళ్లలో నడవగల లోతు (వాటర్ వేడింగ్) 650 మిల్లీమీటర్లే. అయితే అది నిలిచి ఉన్న నీటిలో, అడుగున గట్టి నేల ఉన్నప్పుడు, నెమ్మదిగా పోయేటప్పటి లెక్క. వానాకాలం పాడేరు వైపు వాగుల్లో ఉండేది పారే నీరు. రెండడుగుల ప్రవాహం ఎస్‌యూవీలనూ పికప్‌లనూ కొట్టుకుపోగలదని అమెరికా జాతీయ వాతావరణ సంస్థ హెచ్చరిస్తుంది. రెండడుగులంటే 610 మిల్లీమీటర్లు. కంపెనీ చెప్పిన అంకె కంటే తక్కువే! పైగా బురదనీటి కింద కల్వర్టు ఉందో కొట్టుకుపోయిందో కంటికి కనపడదు. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

"జిమ్నీకి పవర్ లేదు, కొండెక్కదు."

బండి కొనబోయేవాళ్లను తప్పుదారి పట్టించే మాట ఇది. 2023 జూన్‌లో వచ్చిన జిమ్నీకి ఉన్నది 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, 134 న్యూటన్ మీటర్ల టార్క్. థార్ డీజిల్ 2.2 లీటర్ల ఇంజిన్‌కి 300. కాగితం మీద తేడా పెద్దదే. కానీ జిమ్నీ బరువు సుమారు 1,200 కిలోలే, పైగా దానికీ 4L ఉంది. 4Lలో వేగం తగ్గి చక్రానికి చేరే బలం పెరుగుతుంది. ఏజెన్సీ మట్టిదారుల్లో తేలికపాటి బండి అంత సులువుగా దిగబడదు, దిగబడినా నలుగురు తోస్తే వస్తుంది. హైవే మీద ఓవర్‌టేక్‌లు ముఖ్యమనుకుంటే మాత్రం థార్ తీసుకోండి.

పెద్ద టైర్లు, లిఫ్ట్ కిట్, ముందు ఇనుప గార్డు గురించి ఎక్కువ చెప్పను. ఎత్తు పెరిగితే మలుపుల్లో పల్టీ ముప్పు పెరుగుతుంది, టైరు పెద్దదైతే స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. ఇనుప గార్డు ఎయిర్‌బ్యాగ్ పనిని దెబ్బతీయొచ్చు, నడిచిపోయేవాడికి తగిలితే ఎముకలు విరుగుతాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను ఒప్పుకోదు కూడా.

ఇక చివరిది: "మన విశాఖలో ఉండి బీచ్‌లో నడపకపోతే ఎందుకు?"

ఉప్పునీరు ఛాసిస్‌నీ బ్రేకు పైపులనీ తినేస్తుంది. అలా తెచ్చి కడగకుండా అపార్ట్‌మెంట్ కింద పెట్టేస్తే ముందు బోల్టుల తలలు ఎర్రబడతాయి. బండి మీది కాబట్టి ఆ నష్టం మీరు భరిస్తారు. కానీ వేసవికి ముందు నెలల్లో మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆర్కే బీచ్, సాగర్‌నగర్ దగ్గర అటవీశాఖ ఆ గుడ్లను సేకరించి కంచె వేసి కాపాడుతోంది. దొరకని గూళ్లు ఇసుకలోనే ఉండిపోతాయి. చక్రాల బరువుకి ఇసుక గట్టిపడితే పిల్లలు పైకి రాలేవు. వచ్చినా టైరు చాళ్లలో పడి సముద్రం చేరలేవు. హెడ్‌లైట్లు చూసి దారి తప్పుతాయి కూడా. దయచేసి బండిని బీచ్ రోడ్డు మీదే ఆపండి. ఇసుకలోకి నడిచే వెళ్లండి.