ముల్లు తప్పనుకున్నాను

కంప్యూటర్‌లో విమానం నడపడం మొదలుపెట్టిన కొత్తలోనే నాలో ఒక నమ్మకం పాతుకుపోయింది. కాక్‌పిట్‌లో గాలివేగం చూపించే డయల్ తప్పు చూపిస్తుందని. ముందు అనుమానంగా ఉండేది. తర్వాత నమ్మకమైంది. ఆఖరికి ఇంకొకరిని కూర్చోబెట్టి నేర్పేంత దాకా వచ్చింది. నా మూర్ఖత్వం నా గదిలోనే ఉండిపోయి ఉంటే దీని గురించి రాసేవాణ్ని కాదు.

ఆ నమ్మకానికి నాకు దొరికిన ఆధారం ఇదీ. సెస్నా 172లో పదివేల అడుగుల ఎత్తుకి ఎక్కి నిలకడగా పోతుంటే డయల్ మీద ముల్లు 100 నాట్ల దగ్గర ఉండేది. పక్కనే జీపీఎస్ తెర మాత్రం 116 అనేది. గాలి అసలు లేకుండా వాతావరణం పెట్టుకుని చూశాను, అదే తేడా. కిందికి దిగుతుంటే తేడా తగ్గుతూ వచ్చి, సముద్రమట్టం దగ్గర రెండు అంకెలూ దాదాపు ఒకటయ్యేవి. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. పాడైన పరికరం ఎత్తుని బట్టి ఇంత క్రమంగా పాడవదు కదా, దీని వెనక ఏదో లెక్క ఉండాలి కదా అని. నేను అడగలేదు. ఉపగ్రహాలు చెప్పేది ఒప్పు, గొట్టంతో కొలిచే పాతకాలం పద్ధతి తప్పు అని తీర్మానించేసుకున్నాను.

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌లో రియలిజం సెట్టింగ్స్ అని ఒక పేజీ ఉంటుంది. డయల్ మీద ఇండికేటెడ్ ఎయిర్‌స్పీడ్ కావాలా, ట్రూ ఎయిర్‌స్పీడ్ కావాలా అని అక్కడ ఎంచుకోవచ్చు. నేను రెండోదానికి టిక్ పెట్టాను. గాలి లేనప్పుడు డయలూ జీపీఎస్సూ ఒకే మాట చెప్పడం మొదలుపెట్టాయి. తప్పుని నేనే పట్టుకుని దిద్దానని సంతోషించాను కూడా.

ఆ డయల్ వెనక ఉన్నదేమిటో తెలుసుకోవడానికి చాలా ఆలస్యం చేశాను. ఫ్రెంచి ఇంజనీరు ఆన్రీ పిటో 1732లో సేన్ నది ప్రవాహాన్ని కొలవడానికి నీటికి ఎదురుగా ఒక గొట్టం పెట్టాడు. ఆ గొట్టమే ఇవాళ సెస్నా ఎడమ రెక్క కింద, ముందుకు నోరు తెరుచుకుని ఉంటుంది. ఎదురొచ్చే గాలి అందులోకి తోసుకొస్తుంది. విమానం పక్కన ఇంకో చిన్న రంధ్రం చుట్టూ ఉన్న గాలి మామూలు ఒత్తిడిని తీసుకుంటుంది. ఈ రెండిటి మధ్య తేడా ఎంతో, ముల్లు అంత కదులుతుంది. అంతకుమించి దానికేమీ తెలియదు. గంటకు ఎన్ని మైళ్లు పోతున్నామన్నది దాని ప్రశ్నే కాదు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి, అదే తోపుడు రావాలంటే విమానం ఇంకా వేగంగా పోవాలి. వెయ్యి అడుగులకు సుమారు రెండు శాతం చొప్పున తేడా పెరుగుతుంది. నేను చూసిన 100, 116 అంకెలు ఆ లెక్కకి దగ్గరగానే ఉన్నాయి.

నేను గ్రహించాల్సిన అసలు సంగతి ఆ తర్వాతది. రెక్కని ఎత్తి పట్టుకునేది కూడా ఆ తోపుడే. రెక్క కూడా ముల్లు లాగే గాలినే చూస్తుంది, నేలని చూడదు. అందుకే ఒకే బరువుతో ఉన్న సెస్నా విశాఖ తీరంలోనైనా లద్దాఖ్ లోయలోనైనా ముల్లు ఇంచుమించు అదే అంకె దగ్గర ఉన్నప్పుడే పట్టు తప్పి స్టాల్ అవుతుంది. డయల్ మీద ఆకుపచ్చ గీత, తెల్ల గీత, ఎర్ర గీత గీసింది అందుకే. నేను టిక్ పెట్టి మార్చేసింది ఆ గీతలకి ఉన్న అర్థాన్ని. పెద్ద విమానాల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. 35 వేల అడుగుల ఎత్తులో, ధ్వనివేగంలో 0.78 వంతు వేగంతో పోతున్న జెట్ విమానంలో ప్రయాణికుల ముందు తెర మీద గాలి లేనప్పుడు గంటకు 830 కిలోమీటర్లు కనిపిస్తుంది. అదే క్షణంలో పైలట్ ముందున్న డయల్ 265 నాట్ల దగ్గర, అంటే గంటకు 490 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. రెండూ నిజాలే. విమానాన్ని గాలిలో నిలబెడుతున్నది రెండోది.

లేహ్‌లో నాకు జరిగింది కొంచెం వివరంగా చెప్పాలి. అక్కడి విమానాశ్రయం సముద్రమట్టానికి 10,682 అడుగుల ఎత్తులో ఉంది. చుట్టూ కొండలు. సెస్నా 172ఎస్ ఎగరగల గరిష్ఠ ఎత్తే 14 వేల అడుగులు. ఆ ఎత్తులో ఇంజనుకి కింద ఉన్నంత శక్తి ఉండదు, ఎక్కడం నత్తనడక. అక్కడ లేచి, చుట్టు తిరిగొచ్చి దిగాలని నా ఆశ. దిగేటప్పుడు 65 నాట్లు ఉంచాలని పుస్తకంలో ఉంది. నేను ట్రూ ఎయిర్‌స్పీడ్ పెట్టిన డయల్ మీద సరిగ్గా 65 ఉంచాను. ఆ ఎత్తులో అది గాలి లెక్కలో 55 మాత్రమే. ఫ్లాప్స్ వేయకుండా నిండు బరువుతో సమంగా పోతుంటే ఈ విమానం స్టాల్ అయ్యేది 48 దగ్గర, కాబట్టి 55తో నేరుగా పోతున్నంత సేపూ ఏమీ కాలేదు. లోయ ఇరుకు కావడంతో రన్‌వే వైపు 45 డిగ్రీలు వాల్చి తిప్పాను. అంత వాలులో స్టాల్ వేగం 57కి పెరుగుతుంది. హారన్ మోగింది, ఎడమ రెక్క పడిపోయింది, తెర నిండా నేల. మళ్లీ లేచాను, మళ్లీ అక్కడే పడ్డాను. విమానం మోడల్ సరిగా తయారుచేయలేదని తయారుచేసినవాళ్లని తిట్టుకున్నాను. తప్పు అంకె పెట్టుకున్నది నేనేనని తోచలేదు.

ఎత్తు విషయంలోనూ ఇదే ధోరణి. ఆల్టిమీటర్ కూడా ఒత్తిడినే కొలుస్తుంది, గాలి తీసేసిన చిన్న లోహపు డబ్బీ ఉబ్బడం, కుంగడం మీద అది పనిచేస్తుంది. దాన్ని నేను నేల నుంచి పైకి కొలిచే టేపు అనుకున్నాను. శంషాబాద్ రన్‌వే మీద నిలబడి ఉన్న విమానంలో అది రెండువేల అడుగులు చూపిస్తే పాడైందనుకున్నాను. శంషాబాద్ ఉన్నదే సముద్రమట్టానికి రెండువేల అడుగుల పైన.

ఆల్టిమీటర్ ముఖం మీదే చిన్న కిటికీ ఉంటుంది, ఆ పూట సముద్రమట్టపు ఒత్తిడి అందులో పెట్టాలి. పాల్ కోల్స్‌మన్ 1928లో ఈ ఏర్పాటు తెచ్చాడు. మరుసటి ఏడాది సెప్టెంబరు 24న జిమ్మీ డూలిటిల్ బయట ఏమీ కనిపించకుండా కప్పేసిన కాక్‌పిట్‌లో కూర్చుని, పరికరాలు మాత్రమే చూస్తూ, లేచి, తిరిగి, దిగాడు. ఆయన ముందున్న పరికరాల్లో కోల్స్‌మన్ ఆల్టిమీటర్ ఒకటి. అంతటి మనిషి ప్రాణం పెట్టి నమ్మిన పరికరం అది. నేను ఆ కిటికీలో ఒకసారి 29.92 అంగుళాలు, అంటే 1013 మిల్లీబార్లు పెట్టి ఇక ముట్టుకోలేదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్నరోజు నిజమైన వాతావరణం పెట్టుకుని విశాఖకి వచ్చాను. ఒత్తిడి 995. సముద్రమట్టం దగ్గర ఒక మిల్లీబారు అంటే సుమారు 27 అడుగులు, కాబట్టి ముల్లు దాదాపు 500 అడుగులు ఎక్కువ చూపిస్తోంది. మబ్బులోంచి సముద్రం మీదుగా దిగుతూ, ఇంకా 500 ఉంది కదా అన్న ధీమాలో ఉండగానే చక్రాలు నీళ్లలో దిగాయి. కీబోర్డు మీద బి నొక్కితే ఆ క్షణపు ఒత్తిడి కిటికీలోకి వచ్చేస్తుంది. ఒక్క మీట నొక్కితే పోయేది.

మరి పైన పోయే విమానాలన్నీ 1013 పెట్టుకుంటాయే, అది తప్పు కాదా అని వాదించేవాణ్ని. ఒక ఎత్తు దాటాక (అమెరికాలో అది 18 వేల అడుగులు) అందరూ 1013 పెడతారు. అక్కడ కావలసింది నేలకి దూరం కాదు, ఒక విమానానికీ ఇంకోదానికీ మధ్య దూరం. ముల్లు అందరికీ ఒకే రకంగా తప్పు చూపిస్తే ఆ దూరం ఎక్కడికీ పోదు. ఒకళ్లు ఆ కట్టు దాటితే ఏమవుతుందో మన దేశానికి తెలుసు. 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీ దగ్గర, 15 వేల అడుగుల దగ్గర ఉండాల్సిన కజకిస్తాన్ ఇల్యూషిన్ ఆ ఎత్తు దాటి కిందికి దిగి, 14 వేల దగ్గర ఉన్న సౌదీ బోయింగ్ 747ని ఢీకొట్టింది. 349 మంది పోయారు. ఆ వెయ్యి అడుగుల విలువ తెలియకుండానే ఆల్టిమీటర్ గురించి అంత గట్టిగా మాట్లాడినందుకు ఇవాళ్టికీ సిగ్గుపడతాను.

ఇక మా అన్నయ్య కొడుకు సంగతి. వాడికి చిన్నప్పటి నుంచీ విమానాలంటే ప్రాణం. సెలవుల్లో మా ఇంటికి వచ్చి నా పక్కనే కూర్చునేవాడు. "బాబాయ్, దిగేటప్పుడు ఇన్ని అంకెల్లో దేన్ని చూడాలి?" అని అడిగాడోరోజు. "జీపీఎస్‌లో గ్రౌండ్ స్పీడ్ చూడరా, డయల్‌ని నమ్మకు" అన్నాను. వాడు మారుమాట్లాడకుండా తలూపాడు. పెద్దవాడయ్యాక పైలట్ శిక్షణలో చేరాడు.

మొదటి రోజుల్లోనే ఒక పొద్దున డౌన్‌విండ్‌లో, అంటే గాలి వెనకనుంచి తోస్తుండగా రన్‌వేకి సమాంతరంగా వస్తూ, వాడు జీపీఎస్ వైపు చూశాడు. అక్కడ 85 ఉంది. ఎక్కువనిపించి థ్రాటిల్ వెనక్కి లాగాడు. ఆ 85లో 15 నాట్లు గాలివి. నేల మీద వేగం 70కి తెచ్చేసరికి రెక్కకి మిగిలింది 55. మలుపు తిప్పబోతుండగా శిక్షకుడు విమానాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ శిక్షకుడికి నేను రుణపడి ఉన్నాను.

ఆ సాయంత్రం ఫోన్ చేశాడు. "బాబాయ్, గ్రౌండ్ స్పీడ్ ఎప్పటికి చేరతామో చూసుకోవడానికట. ఎగరడానికి కాదట" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నేనే ఆరోజు ఎక్కడ చూశావని అడిగాను, ఎందుకు చూశావని అడిగాను. చెప్పడానికి మొహమాటపడ్డాడు. అడిగి అడిగి చెప్పించుకున్నాను. తర్వాత చాలాసేపు నాకు మాట రాలేదు. నేను కూలిన ప్రతిసారీ ఒక మీట నొక్కి మళ్లీ రన్‌వే మీదికి వచ్చేవాణ్ని. వాడికి ఆ మీట లేదు.

అప్పుడు మొదలుపెట్టాను చదవడం. పిటో గొట్టం మూసుకుపోతే ఏమవుతుందో చదివాను. 1996 ఫిబ్రవరిలో ప్యూర్టో ప్లాటా నుంచి లేచిన బిర్గెన్‌ఎయిర్ విమానం, 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద పోతున్న ఎయిర్ ఫ్రాన్స్ 447. మొదటి దాంట్లో 189 మంది, రెండో దాంట్లో 228 మంది పోయారు. రెండో దాంట్లో గొట్టాల్లోకి మంచు చేరి వేగం లెక్క కాసేపే తప్పింది. ఆ తర్వాత విమానం స్టాల్‌లోకి వెళ్లి సముద్రంలో పడేదాకా బయటపడలేదు. నేను పనికిరాదని తేల్చేసిన గొట్టం మీద ఇంత ఆధారపడి ఉంది.

ఆ టిక్ తీసేశాను. లేహ్‌లో ముల్లు మీద 65 ఉంచి, వాలు తగ్గించి తిప్పితే విమానం శుభ్రంగా దిగింది. దిగేటప్పుడు నేల మామూలు కంటే వేగంగా పరిగెత్తుతున్నట్టు కనిపిస్తుంది. నిజంగానే 76 నాట్లతో పరిగెత్తుతోంది కాబట్టి, రన్‌వే కూడా ఎక్కువ పడుతుంది. మావాడు ఇప్పుడు లైసెన్సున్న పైలట్. నాకు తెలియని సంగతులు ఇప్పుడు వాడినే అడుగుతాను.

మీ ఇంట్లోనూ సిమ్యులేటర్ ఉండి, పక్కన పిల్లలు కూర్చుని చూస్తుంటే, ఈ రాత్రే ఆ రియలిజం సెట్టింగ్స్ తెరిచి చూడండి. ట్రూ ఎయిర్‌స్పీడ్ దగ్గర టిక్ ఉంటే తీసేయండి. దిగే ముందు బి నొక్కండి. పిల్లలు ఏ అంకె చూడాలని అడిగితే, ముందు రెక్క కింద ఉన్న ఆ గొట్టం చూపించండి.