చుక్కజారుడు శాస్త్రం: కోనసీమ పాఠం

ఏ శాస్త్రమైనా మొదలుపెట్టేముందు నాలుగు సంగతులు తేల్చాలన్నారు పెద్దలు: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఇక్కడ విషయం చుక్క జారడం. టెలిస్కోపుకి కెమెరా తగిలించి ఐదు నిమిషాలు షట్టరు తెరిచిపెడితే గుండ్రంగా పడవలసిన చుక్క బియ్యపుగింజలా పడుతుంది. ప్రయోజనం లేదు. ఉందని వాదించేవాళ్ళు సాధారణంగా టెలిస్కోపుని మోసి తిప్పే మౌంటు ఇంకా కొననివాళ్ళు. సంబంధమా, అది మనిషికీ నిద్రకీ మధ్య తెగిపోయేది. ఇక అధికారి ఎవరంటే, కొబ్బరి దింపు డబ్బులతో ఈక్వటోరియల్ మౌంటు కొని, దాని ధరలో మూడోవంతు మాత్రమే ఇంట్లో చెప్పినవాడు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో అటువంటివాళ్ళు ఎందరున్నారన్నది శాస్త్రానికి అనవసరం. ఒక్క శ్రోత ఉన్నా పాఠం చెప్పవచ్చు.

ముందుగా ఆకాశాన్ని నిర్దోషి అని విడుదల చేయాలి. చుక్కలతో పోల్చి చూస్తే భూమి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లలో ఒకసారి తిరుగుతుంది. ఇది కొత్త కబురు కాదు. మహాయుగానికి భూమి 1,58,22,37,500 సార్లు తిరుగుతుందని ఆర్యభటుడు లెక్క కట్టాడు. అదే యుగంలోని రోజుల్ని ఆ సంఖ్యతో భాగించి చూస్తే వచ్చేది ఆ నాలుగో సెకనే. అంటే గంటకు 15 డిగ్రీలు, సెకనుకు 15 వికళలు. (డిగ్రీకి 60 కళలు, కళకు 60 వికళలు. ఇప్పటివాళ్ళు ఆర్క్‌సెకను అంటారు, అనుకోనివ్వండి.) మౌంటుకి అప్పజెప్పిన పనల్లా ఒకటే: భూమి ఇరుసుకు సమాంతరంగా ఒక ఇరుసు నిలబెట్టుకుని, అంతే వేగంతో ఎదురు తిరగడం. 500 మిల్లీమీటర్ల గొట్టానికి ఇప్పటి కెమెరా పెడితే ఫొటోలో ఒక్కో పిక్సెలు వికళన్నర ఉంటుంది. సెకనుకి పది పిక్సెళ్ళ చొప్పున పరిగెత్తే ఆకాశంతో సమంగా, ఒక పిక్సెలైనా తేడా రాకుండా, ఐదు నిమిషాలు నడవాలి. ఎక్కడో తయారై, ఓడెక్కి వచ్చి, రావులపాలెం దగ్గర స్పీడుబ్రేకరు మీద ఎగిరిపడిన నాలుగు పళ్ళచక్రాల మీద ఇంత భారం మోపామన్నమాట.

ఈ విద్యకి పరంపర ఉంది. 1880 సెప్టెంబరు 30న అమెరికాలో హెన్రీ డ్రేపర్ ఓరియన్ నెబ్యులాని 51 నిమిషాలు పట్టి ఫొటో తీశాడు. మన వైపు చూస్తే, పారిస్‌లో 1887లో తలపెట్టిన ఆకాశపటం పనిలో హైదరాబాదు నిజామియా వేధశాలకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ వచ్చింది. ఆ కాలంలో గైడింగ్, అంటే చుక్కని జారకుండా పట్టే పని, మనిషిదే. ఫొటో తీసే గొట్టం పక్కన ఇంకో గొట్టం ఉండేది. దాని వెనక కూచున్నవాడు ఒక చుక్కని సాలీడు దారాల అడ్డగీతల మీద పెట్టుకుని, అది అటు కదిలితే ఇటు, ఇటు కదిలితే అటు మర తిప్పుతూ ప్లేటు పూర్తయ్యేదాకా కన్నార్పేవాడు కాదు. ఇప్పుడు ఆ కన్ను స్థానంలో చిన్న గైడు కెమెరా, ఆ చెయ్యి స్థానంలో ల్యాప్‌టాపు వచ్చాయి. మన శిష్యుడికి మిగిలింది కూచోవడమూ, దోమలూ.

ఇక నిదానం, అంటే జబ్బు మూలం పట్టడం. ఆయుర్వేదం దేశాన్ని జాంగలమనీ, ఆనూపమనీ, సాధారణమనీ విడదీసింది. రాయలసీమ వైపు జాంగలం: పొడినేల, వాతం పాలు ఎక్కువ. కోనసీమ అలా కాదు. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఒండ్రు పేరుకుని ఏర్పడ్డ లంకల సీమ, మధ్యలో వైనతేయ. రెండు గడ్డపారల లోతుకి నీరు. ఇంతకంటే ఆనూపం దొరకదు. ఆనూపంలో ప్రబలేది కఫం. కాబట్టి అనంతపురంలో తీసినవాడి సలహా అంతర్వేదిలో పనిచేయదు, మందు ఒకటే అయినా పథ్యం వేరు.

మూలసూత్రం: చుక్క జారదు, కాలు జారుతుంది.

భాష్యం. నిదానం పాదాది కేశాంతంగా సాగాలి. శిష్యులందరూ కేశాది పాదాంతంగా చేస్తారు. చుక్క బియ్యపుగింజ కాగానే సాఫ్ట్‌వేరు తెరిచి, అందులో అగ్రెషన్ అని కనిపించిన అంకెని 70 నుంచి 85 చేస్తారు, 85 నుంచి 60 చేస్తారు, తెల్లవారుతుంది. ఈలోగా ముక్కాలి స్టాండు ఉత్తరపు కాలు చేలో మెల్లిగా దిగబడుతూ ఉంటుంది. కాళ్ళ మధ్య మీటరు ఎడమున్న స్టాండుకి ఒక్క కాలు ఒక్క మిల్లీమీటరు కుంగితే పైన ఇరుసు దాదాపు 240 వికళలు వంగిపోతుంది. ఫొటోలో అది నూట అరవై పిక్సెళ్ళు. వరికోత అయిన చేను ఎంత గట్టిగా కనబడినా నమ్మరాదు. కాలికింద సిమెంటు దిమ్మ పెట్టాలి, దిమ్మ పెట్టాక దాని మీద మనిషి ఎక్కి తొక్కాలి, తొక్కాక గంటసేపు దాన్ని దాని మానాన వదిలెయ్యాలి. రసమట్టం ఆ తరవాతే.

డాబా మీద పెడితే నేల గొడవ లేదు గదా అని పూర్వపక్షం. లేదు, మనుషుల గొడవ ఉంది. శ్లాబు నట్టనడుమ స్టాండు పెట్టినవాడు ఇంట్లో ఎవరు ఎటు నడిచారో ల్యాప్‌టాపు గీసే గైడింగ్ గ్రాఫులో చదువుకోవచ్చు. "ఒరే, పులుసు చల్లారిపోతంది, దిగుతావా లేదా?" అని అమ్మ మెట్ల మీంచి కేక వేస్తే చుక్కకి ఏమీ కాదు, పైకి నాలుగడుగులు వేసి చెబితేనే అవుతుంది. దూలం మీద, కుదిరితే స్తంభం నెత్తిన ఒక్కో కాలూ వచ్చేలా పెట్టడం సిద్ధాంతం. కుదరకపోతే పిలవకముందే భోంచేసి రావడం.

పాదాల పైన ఇరుసు. దీన్ని భూమి ఇరుసుకు సమాంతరం చేయడానికి లోకమంతా ధ్రువనక్షత్రాన్ని చూస్తుంది. నిశ్చలుడని పేరేగానీ ధ్రువుడు కూడా అసలు ధ్రువానికి 40 కళల లోపు దూరంలో ఉండి రోజూ ఒక చుట్టు తిరుగుతాడు. ఆ చుట్టు వెడల్పు రెండున్నర పున్నమి చంద్రులంత. నడిబొడ్డున ధ్రువుణ్ణే పెట్టుకుని గైడింగ్ లేకుండా తీస్తే చుక్క నిమిషానికి పది వికళల దాకా జారగలదు. కానీ ఈ చర్చ అంతా ధ్రువుడు కనబడేవాళ్ళకి. అమలాపురం అక్షాంశం పదహారున్నర డిగ్రీలు, ధ్రువుడి ఎత్తూ అంతే. డాబా మీద టెలిస్కోపు నేలకి పదహారడుగుల ఎత్తున ఉందనుకోండి. అరవై అడుగుల కొబ్బరిచెట్టు ఉత్తరాన నూట యాభై అడుగుల లోపు ఎక్కడున్నా ధ్రువుణ్ణి మింగేస్తుంది. ఉత్తరాన నూట యాభై అడుగులదాకా కొబ్బరిచెట్టు లేని డాబా కోనసీమలో ఎక్కడుందో చూపిస్తే ఈ ప్రకరణం ఉపసంహరించుకుంటాం.

చెట్టు కొట్టించవచ్చు గదా అని ఒక పూర్వపక్షం. వినకూడదు. కన్నకొడుకు కన్నా కొబ్బరిచెట్టు నయమనే సీమ ఇది. ధ్రువుడు ఏడాదికి ఎన్ని కాయలు కాస్తాడో చెప్పాక ఆ మాట ఎత్తాలి. 1996 నవంబరు 6 తుపాను రాత్రి ఇక్కడ ఎన్నో తోటలు నేలకొరిగి ఆకాశం నలువైపులా తెరుచుకుంది. ఆ ఆకాశాన్ని ఎవరూ కోరుకోలేదు.

పెళ్ళిపందిట్లో పురోహితుడుగారు మిట్టమధ్యాహ్నం కొబ్బరిమట్టల సందులోంచి అరుంధతిని చూపిస్తే పెళ్ళికొడుకు చూశానంటాడు, తంతు జరిగిపోతుంది. మౌంటు అంత మర్యాదస్థురాలు కాదు. అయితే దేవుడు ఒక తలుపు మూసిన సీమకి ఒక అటక తెరిచాడు: ఖగోళ మధ్యరేఖ ఇక్కడ దక్షిణాన డెబ్భైమూడు డిగ్రీల పైన, దాదాపు నడినెత్తిన పోతుంది. అంత ఎత్తుకి ఏ మట్టా రాదు. ఆ రేఖ దగ్గర, నడిమింటికి వచ్చిన ఒక చుక్కని పట్టుకుని, గైడింగ్ ఆపేసి, ట్రాకింగ్ మాత్రం ఉంచి, ఊరికే చూస్తూ కూచోవాలి. చుక్క దక్షిణానికి జారితే ఇరుసు తూర్పుకి వాలి ఉంది. ఉత్తరానికి జారితే పడమరకి. ఆ తరవాత తూర్పువైపు చుక్కని చూడాలి. అది దక్షిణానికి జారితే ఇరుసు కిందికి వంగింది, ఉత్తరానికైతే పైకి లేచింది. ధ్రువుడి మొహం చూడకుండా ధ్రువాన్ని పట్టడం ఇలా. దీనికి గంట పడుతుంది, ఓర్పు ఉండాలి, ఈ రెండూ లేనివాడు ఫోనులో దిక్సూచి పెట్టి సరిపెట్టుకుంటాడు. దిక్సూచి చూపేది అయస్కాంతపు ఉత్తరాన్ని. పైగా డాబా శ్లాబులో ఇనపచువ్వలుంటాయి.

ఇక్కడే ఒక దేశవాళీ బాధ. బజారులో దొరికే మౌంట్లలో చాలావాటికి నలభై యాభై డిగ్రీల అక్షాంశాల వాళ్ళే లోకం. పదహారున్నరకి దించేసరికి కొన్నిటిలో బరువుకడ్డీ పోయి స్టాండు కాలిని తంతుంది, సరిగ్గా నడిరాత్రి, శిష్యుడు కునుకు తీసేటప్పుడు. అలా తన్నితే ఫొటోలో పడేది బియ్యపుగింజ కాదు, రోడ్డు.

ఇరుసు తరవాత పళ్ళచక్రాలు, అంటే పిత్తం. దీనికి నాడీపరీక్ష గైడింగ్ గ్రాఫు. మౌంటులో పెద్ద చక్రాన్ని వర్మ్ గేరు నడుపుతుంది. చక్రానికి 180 పళ్ళుంటే వర్మ్ ఎనిమిది నిమిషాలకోసారి, 144 ఉంటే పది నిమిషాలకోసారి చుట్టు తిరుగుతుంది. గ్రాఫులో గుట్ట అచ్చంగా ఆ వ్యవధికే మళ్ళీ మళ్ళీ లేస్తుంటే అది వర్మ్ గుణం, పుట్టుకతో వచ్చింది, గైడింగ్‌తో అణుగుతుంది. వేళాపాళా లేకుండా లేస్తే గాలి. గుట్ట గంటకొకసారి, అదీ రాజోలు రోడ్డు మీద ఇసక లారీ పోయినప్పుడే లేస్తే, దానికి మౌంటులో మందు లేదు.

ఇంకోటుంది. మెకానిక్కులు "ప్లే వచ్చిందండి" అనే జబ్బు. పన్నుకీ పన్నుకీ మధ్య సందు. ఉత్తరానికి తిరగమని ల్యాప్‌టాపు ఆజ్ఞాపిస్తుంది, మోటారు తిరుగుతుంది, సందు నిండేదాకా గొట్టం కదలదు. కదల్లేదేమని ల్యాప్‌టాపు మళ్ళీ తిప్పుతుంది. సందు నిండగానే రెండాజ్ఞలూ కలిసి అమలై చుక్క అవతలికి పోతుంది. వెనక్కి రమ్మంటే మళ్ళీ అదే సందు. ఫైలు కదలని ఆఫీసుకి రెండోసారి అర్జీ పెట్టినవాళ్ళకి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. చికిత్స: ఒక్క దిక్కుకే సవరించమనడం. భూమి ఇరుసుకు సమాంతరంగా నిలిచిన ఇరుసుకైతే తూర్పు పక్క రవ్వంత బరువు ఎక్కువ ఉంచాలి, పళ్ళు ఎప్పుడూ ఒకే వైపు ఆనుకుని ఉంటాయి. బరువుకి బొండాం కట్టడం మా పాఠంలో ఉంది. తాగకముందు కుదిరిన బాలెన్సు తాగాక చెల్లదని మాత్రం వ్యాఖ్యాతలు హెచ్చరించారు.

కఫం గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అనుభవించడానికే ఉంది. పుష్య మాఘాల్లో ఆకాశం తేటపడుతుంది, పది దాటగానే మంచు దిగుతుంది. గైడు గొట్టం అద్దం మీద తేమ పట్టి గైడు చుక్క మెల్లమెల్లగా వెలవెలబోతుంది, చివరికి చుక్క పోయిందని ల్యాప్‌టాపు కూస్తుంది. శిష్యుడు తీగలన్నీ ఊడదీసి మళ్ళీ పెడతాడు. వేలితో అద్దం ముట్టి చూడడు. అద్దానికి వేడిపట్టీ చుట్టాలి. అది పన్నెండు వోల్టుల బాటరీని పీల్చేస్తే మోటారు ఆయాసపడుతుంది: కఫానికి వేసిన మందు పిత్తాన్ని రేపడమంటే ఇదే. రెండు బాటరీలు.

ఇప్పుడు శాస్త్రంలో కెల్లా గడుసైన సందర్భం. గ్రాఫు గీత గీసినట్టుంది, వికళలో సగం కూడా ఊగలేదు. ఫొటోలో మాత్రం బియ్యపుగింజలు. ప్రత్యక్షానికీ అనుమానానికీ వైరుధ్యం వస్తే ఏది ప్రమాణం? ఫొటోయే. గ్రాఫు అబద్ధం చెప్పలేదు, తనని అడిగినదానికి జవాబిచ్చింది. అది కాపలా కాసింది గైడు గొట్టంలోని చుక్కని. పెద్ద గొట్టం తన బరువుకి తాను రవ్వంత వాలితే, దాని ఫోకసరు వదులై వేలాడితే, ఆ సంగతి గైడు గొట్టానికి ఎలా తెలుస్తుంది? స్క్రూలు బిగించాలి, వేలాడే తీగలు కట్టాలి. అదీ చాలకపోతే గైడు కెమెరాని పెద్ద గొట్టంలోనే ఓ మూల అద్దం పెట్టి కూచోబెట్టే ఆఫ్‌యాక్సిస్ గైడరు కొనాలి. మూడోవంతు ధర చెప్పే విద్య అప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

చివరిది వాతం, అసాధ్యం. చుక్క మిణుకుమనేది చుక్కలో లేదు, మధ్యనున్న గాలిలో ఉంది. ఆ వణుకు రెండు నుంచి నాలుగు వికళలు. గైడు కెమెరాకి అరసెకను ఎక్స్‌పోజరు పెట్టినవాడు ప్రతి వణుకునీ మౌంటు తప్పనుకుని సరిదిద్దుతాడు. లేని తప్పుకి వేసిన శిక్షలన్నీ కూడి నిజమైన తప్పవుతుంది. రెండు మూడు సెకన్లు ఉంచితే వణుకు సగటై చుక్క కుదుటపడుతుంది. చిన్న తప్పులు పట్టించుకోవద్దని సాఫ్ట్‌వేరుకి హద్దు కూడా పెట్టవచ్చు. దీన్ని శిష్యుడు ఒప్పుకోడు. ఏమీ చేయకపోవడానికి ఇంత ఖర్చెందుకని అతని బాధ.

పరిశిష్టంలో అతిథి ప్రకరణం. ఐదు నిమిషాల ఎక్స్‌పోజరు నాలుగో నిమిషంలో ఉండగా పక్కింటాయన డాబా ఎక్కుతాడు. "ఆయ్, ఏం కనపడతందండి? ఒక్కపాలి సూత్తానండి." కన్ను పెట్టే చోట కెమెరా ఉంది, చూడ్డానికి ఏమీ లేదని చెబితే, ఏమీ కనబడని దుర్భిణికి ఇంత ఖర్చు పెట్టాడన్న వార్త తెల్లారేసరికి అంబాజీపేట దాకా వెళ్తుంది. చూడనిస్తే ముందు గొట్టాన్ని పట్టుకుంటాడు. ఇందుకని ఇంట్లో ఒక బైనాక్యులరు ఉంచాలి. గురుడు పైకొచ్చిన రోజైతే, పిట్టగోడకి మోచేతులు ఆన్చి పట్టుకుంటే ఆయన చంద్రుల్లో రెండు మూడైనా కనబడతాయి. పట్టుకోవలసిన పిట్టగోడ మెట్లగది పక్కన ఉన్నదే కావాలి, ఆ శ్లాబు వేరు.