నాలుగు చక్రాలకు కట్టిన పైసలు

హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ 8 వెనుక సందులో ఉస్తాద్ షెడ్డు ఉంది. బోర్డు లేదు. జీపులు, పికప్‌లు ఉన్నవాళ్లకు దారి తెలుసు.

ఆ రోజు పొద్దున్నే ఒక డబుల్ క్యాబ్ పికప్ వచ్చి ఆగింది. కిటికీల దాకా మట్టి. ఓనరు వెంచర్లు వేసి ప్లాట్లు అమ్ముతాడు. ఆ బండిని తార్నాకలో ఒకరి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఫోర్ బై ఫోర్ అని మామూలు పికప్ కంటే రెండు లక్షలు ఎక్కువ పెట్టాడు.

"ఉస్తాద్, ఇజ్జత్ పోయింది" అన్నాడు దిగుతూనే.

ముందురోజు ఘట్‌కేసర్ అవతల తన వెంచరుకు కస్టమర్లను తీసుకెళ్లాడు. వెంచరు చెరువు శిఖాన్ని ఆనుకుని ఉంది. రాత్రి వాన పడింది. "ఇది గుట్టలు ఎక్కే బండి" అని చెబుతూనే మట్టిలోకి దించాడు. బండి కూరుకుపోయింది. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. కస్టమరు కొడుకు ఏడెనిమిదేళ్ల వాడు. వంగి చూసి, "అంకుల్, ముందు చక్రాలు తిరుగుతలేవు" అన్నాడు. ట్రాక్టరు వచ్చి లాగింది. బేరం పోయింది.

"ఫోర్ వీల్ లైటు వెలుగుతుందా సార్?" అడిగాడు ఉస్తాద్.

"కొన్నప్పటి సంది ఆరలే. నాబు ఎప్పుడూ ఫోర్ హెచ్ మీదనే ఉంచుత. నాలుగు చక్రాలకు పైసలు కట్టిన. రెండే ఎందుకు తిప్పాలె?"

ఉస్తాద్ ఫ్యూజులు చూశాడు. బాగున్నాయి. తాళం తిప్పి, నాబును టూ హెచ్‌కు, మళ్లీ ఫోర్ హెచ్‌కు మార్చాడు. కింద, ముందుకూ వెనక్కూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మోటారు గుర్రుమని, టక్కున ఆగింది. లైటు ఆరి వెలిగింది. కరెంటు పనిలో తప్పు లేదు.

ఓనరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చాయ్ వచ్చింది.

"కొన్న కొత్తలనే ఒక తక్లీఫ్ ఉండె. నాచారంల ఒక మెకానిక్‌కు చూపించిన. ఒక్క పూటల సాఫ్ చేసిండు. దాని తర్వాత స్టీరింగ్ వెన్న లెక్క తిరుగుతుంది. పనిమంతుడంటే వాడు. నువ్వు కూడా అట్ల చెయ్యాలె."

ఉస్తాద్ తల ఊపి, ముందు ఎడమ చక్రం కింద జాకీ పెట్టి లేపాడు. బండి గేర్‌లో ఉంది. నాబు ఫోర్ హెచ్ మీద ఉంది. రెండో చక్రం నేల మీద ఉంది. లేచిన చక్రం చేతికి తిరగకూడదు. వేలితో తోస్తే తిరిగింది.

బండిని స్టాండ్ల మీద పెట్టి, లైటు పట్టుకుని కిందికి దూరాడు. కాసేపటికి లోపలి నుంచే అన్నాడు.

"సార్, ముందరి షాఫ్ట్ లేదు."

"విరిగిందా?"

"లేదు. అసలు లేనే లేదు."

ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందు యాక్సిల్‌కు బలం మోసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ అది. అది లేకపోయినా లోపల గేరు పడుతుంది, లైటు వెలుగుతుంది. బలం మాత్రం వెనక చక్రాలకే వెళ్తుంది. ఓనరు ఇన్నాళ్లూ ఎక్కిన గుట్టలన్నీ రెండు చక్రాలతోనే ఎక్కాడు.

ఓనరు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "దొంగ నా కొడుకులు! ఎవడో కొట్టేసిండు. ఏ సర్వీసింగ్‌ల కొట్టేసిండో!"

ఉస్తాద్ షెడ్డులో పనిచేసే కుర్రాడు చోటూను వెనక సీటు ఎత్తి చూడమన్నాడు. సీటు వెనక గోనెసంచిలో చుట్టి షాఫ్ట్ ఉంది. జాయింట్లకు గ్రీజు పెట్టి, దారంతో కట్టి ఉంది. బోల్టులు విడిగా గుడ్డలో మూట కట్టి ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు.

"దొంగ ఇట్ల మూట కట్టి ఇచ్చిపోడు సార్" అన్నాడు ఉస్తాద్.

షాఫ్ట్ చివర ఫ్లాంజ్‌ను గుడ్డతో తుడిచాడు. అంచు మీద పసుపు పెయింటు గీత ఒకటి బయటపడింది. బండి కింద, ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లాంజ్ మీద దాని జోడీ గీత ఉంది. పని తెలిసిన మెకానిక్ షాఫ్ట్ విప్పే ముందు రెండు ఫ్లాంజులకూ కలిపి ఒకే గీత గీస్తాడు. మళ్లీ బిగించేటప్పుడు గీతకు గీత కలిపితే షాఫ్ట్ ఎలా ఉండేదో అలాగే కూర్చుంటుంది, వణకదు. తిరిగి బిగించే రోజు వస్తుందని తెలిసినవాడు చేసే పని అది.

పసుపు గీత పక్కన ఇంకొక గీత ఉంది. తెల్లది. పాతది, సగం చెరిగింది. దానికి కూడా జోడీ ఉంది. అంటే షాఫ్ట్ ఇంతకు ముందే రెండుసార్లు దిగింది. ఉస్తాద్ ఆ తెల్ల గీత మీద కాసేపు బొటనవేలు ఆనించి ఉంచాడు. ఏమీ అనలేదు.

సాయంత్రానికి షాఫ్ట్ ఎక్కింది. పసుపుకు పసుపు, తెలుపుకు తెలుపు కలిశాయి. సందు చివర కొత్తగా బోరు వేసిన ఖాళీ ప్లాటులో బురద ఉంది. బండిని అందులోకి దించారు. నాలుగు చక్రాలూ పట్టాయి. బండి మెల్లగా ఎక్కి ఇవతలికి వచ్చింది. ఓనరు వీడియో తీసి కస్టమరుకు పంపాడు.

పైసలు తీసుకుంటూ ఉస్తాద్ ఒక మాట చెప్పాడు. "సార్, తారు రోడ్డు మీద టూ హెచ్. మట్టిల దిగితేనే ఫోర్ హెచ్."

ఆ మాట కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ జీపు డాష్‌బోర్డు మీద ఒక రేకు ఉండేది. పొడిగా, గట్టిగా ఉన్న రోడ్డు మీద ముందు యాక్సిల్ డ్రైవ్ తీసెయ్యమని దాని మీద రాసి ఉండేది. తర్వాత మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులను ఇక్కడ బిగించి అమ్మారు. ఉస్తాద్ పని నేర్చింది ఆ జీపుల మీద. కారణం ఇది. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. ఇలాంటి బండిలో ముందు, వెనక షాఫ్ట్‌ల మధ్య ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు. మట్టిలో అయితే టైరు కాస్త జారి లెక్క సరిపోతుంది. తారు మీద టైరు జారదు. లోపల గేర్లు, షాఫ్ట్‌లు బిగుసుకుంటాయి.

ఉస్తాద్ ఇదంతా చేతి వేళ్లతో తిప్పి చూపించాడు.

"సరే సరే" అన్నాడు ఓనరు. నాబు ఫోర్ హెచ్ మీద ఉండగానే బండి పోయింది.

నాలుగో రోజు మళ్లీ వచ్చాడు. ఈసారి దిగకుండానే అరిచాడు.

"బండి ఖరాబ్ చేసినవ్ ఉస్తాద్! చౌరస్తా కాడ మెట్రో పిల్లర్ల నడుమ యూ టర్న్ కొట్టిన. బండి పట్టేసింది. కింద టకటక. వెనక ఉప్పల్ బస్సు హారన్ మీద హారన్. కొన్న కొత్తల గిదే తక్లీఫ్, నాచారం వాడు పోగొట్టిండు. నువ్వు మళ్ల తెచ్చినవ్!"

ఉస్తాద్ డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. నాబును టూ హెచ్‌కు తిప్పాడు. లైటు ఆరింది. సందు మొదట్లో బండిని ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. చప్పుడు లేదు. బండి ఎక్కడా పట్టలేదు.

ఓనరు కిటికీలోంచి చెయ్యి పెట్టి నాబును మళ్లీ ఫోర్ హెచ్‌కు తిప్పాడు. లైటు వెలిగింది.

"ఈ లైటు ఆరొద్దు. బండి పట్టెయ్యొద్దు. నాచారం వాడు చేసినట్టు చెయ్యి. ఎంతైనా ఇస్త."

ఉస్తాద్ దిగాడు. జాకీ అందుకుని షెడ్డులోకి కేకేశాడు.

"చోటూ, గోనెసంచి పట్టుకరా. పెయింటు కూడా. ఎర్రది తే."