మునిగిన అడవిలో నా కొలువు

నేను జిగ్‌ని. అర ఔన్సు, అంటే 14 గ్రాముల సీసపు తల, దాన్లోంచి వచ్చిన ఒకే ఒక గాలం, మెడ చుట్టూ నలుపూ నీలం సిలికాన్ కుచ్చులు. మొనకు ముందు పోచల కట్ట ఒకటి కావలి ఉంటుంది. అది లేకపోతే నేను తిరిగే చోట ప్రతి పుల్లకీ తగులుకునేదాన్ని. వెనక మెత్తటి ప్లాస్టిక్ డెక్కలు తొడిగితే బాస్ చేప కంటికి నేను క్రాఫిష్‌ని.

నా నీళ్లు ఫ్లోరిడాలోని రాడ్‌మన్ రిజర్వాయరువి. రాష్ట్రానికి అడ్డంగా, ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికి పడవల కాలువ తవ్వాలని 1964లో పని మొదలెట్టారు. దానికోసమే ఓక్లవాహా నది మీద 1968లో ఆనకట్ట లేచింది. అడవిని నరికే ఓపిక లేక, 306 టన్నుల యంత్రంతో చెట్లను తొక్కించి బురదలోకి కుక్కారు. మార్జొరీ హారిస్ కార్ అనే ఆవిడ మరికొందరిని కూడగట్టి పోరాడింది. 1971 జనవరిలో అధ్యక్షుడు నిక్సన్ పని ఆపించాడు. కాలువ రాలేదు, ఆనకట్ట పోలేదు. కుక్కిన చెట్లు కొన్ని పైకి తేలాయి, నిలబడ్డవి నీళ్లలోనే ఎండి మోడులయ్యాయి. వాటి మధ్యే బాస్ పొంచి ఉంటుంది.

చాలాచోట్ల మనిషి చెయ్యెత్తి నిలబడినంత లోతే. అంత తక్కువ నీళ్లలో దబ్బున పడితే చేప బెదురుతుంది. అందుకే మా ముసలాయన నన్ను విసరడు. పొడుగాటి కర్రను ఊపుతూ, ఎడమచేత్తో దారం వదులుతూ, చప్పుడు కాకుండా మోడు పక్కన దించుతాడు. ఫ్లిప్పింగ్ అంటారు. 1970లలో కాలిఫోర్నియా మనిషి డీ థామస్ దీన్ని పోటీల్లో చేసి చూపించాక అందరూ పట్టుకున్నారు.

అక్కణ్ణించి నా పని తడమడం. బురదైతే దారం మెత్తగా కుంగుతుంది. హైడ్రిల్లా నాచైతే సాగదీస్తుంది. మోడైతే టక్కుమంటుంది. ఇవన్నీ దారం వెంట ఆయన వేళ్లకు చేరాలి.

బాస్ నన్ను కొరకదు, పీలుస్తుంది. గబుక్కున నోరు తెరిస్తే చుట్టూ ఉన్న నీళ్లతో సహా లోపలికి పోతాను. అనుమానం వస్తే అంతే వేగంగా ఉమ్మేస్తుంది. నేను వెళ్లిందీ వచ్చిందీ పైనున్నవాడికి తెలియని రోజులు బోలెడు. లాగుడు కోసం కాచుకున్నవాడు ఖాళీ చేతులతోనే ఇంటికెళతాడు. దారం పక్కకు జరిగినా, అడుగు తాకాల్సిన వేళకు నేను తాకకపోయినా, ఉన్నట్టుండి నా బరువు మాయమైనా కర్ర లేపాల్సిందే. ఆలోచించేవాడికి చేప దక్కదు.

గుడ్ల కాలంలో పట్టే పట్టు మాత్రం నాకు గిట్టదు. మగచేప తోకతో గుంట చేసి గుడ్లకు కాపలా కాస్తుంది. పిల్లలను కనిపెట్టుకు తిరిగే మీ కొర్రమీను బుద్ధే దీనిదీను. నన్ను నోట కరిచేది ఆకలితో కాదు, అవతల పారేద్దామని. ఇక్కడి చట్టం రోజుకు అయిదు బాస్‌లు ఉంచుకోనిస్తుంది, 16 అంగుళాలు దాటింది మాత్రం ఒక్కటే. ముసలాయన అదీ ఉంచుకోడు.

ఈమధ్య ముసలాయన ఎరల పెట్టెలో టంగ్‌స్టన్ తల ఒకటి చేరింది. అదే బరువు, నాకన్నా చిన్న ఒళ్లు, అడుగు కబురు ఇంకా స్పష్టంగా చెబుతుందట. సీసం మింగి లూన్ పక్షులు చస్తున్నాయని న్యూ హాంప్‌షైర్‌లో మావంటి చిన్న సీసపు జిగ్‌లను నిషేధించారు కూడా. దాని మీద నేనేం మాట్లాడను!

మూడు నాలుగేళ్లకోసారి నాచు చావాలని ఇక్కడ నీళ్లు దించుతారు. అప్పుడు మోడులన్నీ బయటపడతాయి, వాటికి తగులుకుపోయిన మా వాళ్లను జనం ఏరుకుంటారు. రిజర్వాయరు నీళ్ల కింద మునిగిన ఊటలు కూడా తేటగా పైకి పొంగుతాయి. ఆనకట్ట తీసేస్తే అవి ఎప్పుడూ పారతాయనీ, మనాటీలనే నీటి జంతువులు నది ఎగువకు వస్తాయనీ కొందరి వాదం. ఇంత మంచి బాస్ నీళ్లు పోగొట్టుకుంటామా అని బాస్ పట్టేవాళ్ల వాదం. ఇన్ని దశాబ్దాలైనా తెగలేదు. మోడులున్నంత కాలమే నాకు గిరాకీ కాబట్టి నేనూ ఆనకట్ట పక్షమే. ఊటలు బాగున్నాయని మాత్రం పెట్టెలో ఎవరికీ చెప్పలేదు.